సైట్ చూసి కూడా ఫోన్ చేస్తున్నారంటే, పేజీలో ఏదో జవాబు లేదని అర్థం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. దిల్‌సుఖ్‌నగర్‌లో మీకు చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే సర్వీసు కోసం వెబ్‌సైట్ చేయించారు. జనం వస్తున్నారు, టెస్టు పేజీ తెరుస్తున్నారు, కానీ అక్కడ బుక్ చేయకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేస్తున్నారు, లేదంటే అసలు పత్తా ఉండటం లేదు. మీ డెవలపర్ కౌంట్‌డౌన్ టైమర్ పెడదామని, ‘ఇంకా 2 స్లాట్లే మిగిలాయి’ అని రాద్దామని అంటున్నాడు. డిజైన్ మారిస్తే మనుషుల తీరు నిజంగా మారుతుందా, లేక అంతా రేటు మీదే ఉంటుందా అని అడిగారు.

మారుతుంది. మాదాపూర్‌లో పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పనే ఇది: స్క్రీన్లు గీయడం, వాటిని వాడేవాళ్ళ పక్కన కూర్చుని చూడటం. కాకపోతే ఎలా మారుతుందన్న దగ్గర చాలామంది పొరబడతారు. మనసులో లేని కోరికను డిజైన్ పుట్టించలేదు. మీ సైట్‌కి వచ్చిన మనిషి చేతిలో డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది. టెస్టు చేయించాలని ఇంట్లో అనుకునే వచ్చాడు. అక్కడి నుంచి ‘బుక్ అయింది’ అనే మాట కనబడే దాకా ఆయన ఎన్నిచోట్ల తటపటాయిస్తాడో, ఆ ఒక్కో చోట మీరు జవాబు పెట్టారా లేదా అన్నదే అసలు సంగతి. దొరికితే ముందుకెళ్తాడు. దొరక్కపోతే మీ ఫోన్ నంబర్ కోసం వెతుకుతాడు. అదీ దొరక్కపోతే వీధి చివర ల్యాబ్‌కి నడిచి వెళ్తాడు.

అందుకని టైమర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తే అమ్మాయికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. రెండు వారాలపాటు, ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి ప్రశ్నను వాళ్ళ మాటల్లోనే రాయమనండి. సరిదిద్ది రాయొద్దని చెప్పండి. ల్యాబులకి పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను, ఆ నోట్‌బుక్‌లో కనబడేవి దాదాపు ఇవే: ‘అన్నీ కలిపి ఎంతవుతుందండీ?’, ‘పొద్దున ఏం తినకూడదా? మంచినీళ్ళు తాగొచ్చా?’, ‘మేం బీఎన్ రెడ్డి నగర్‌లో ఉంటాం, అంత దూరం వస్తారా?’, ‘రిపోర్టు వాట్సాప్‌లో పంపుతారా?’ ఈ నాలుగింటికీ జవాబులు మీ సైట్‌లో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అని అడుగున ఒక లింకు, దానిలో పద్నాలుగో ప్రశ్న. అక్కడ ఉన్నా లేనట్టే. షుగర్ ఫాస్టింగ్ టెస్టు పేరు కిందే ‘కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు’ అని ఒక్క లైను ఉంటే ఆ ఫోన్ రాదు.

రేటు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది జారిపోయేది అక్కడే. చాలా ల్యాబ్ సైట్లు రేటు చూపించే ముందే మొబైల్ నంబర్, ఓటీపీ అడుగుతాయి. నంబర్ దొరికితే తర్వాత ఫోన్ చేసి పట్టుకోవచ్చని మార్కెటింగ్ వాళ్ళ లెక్క. అవతలి మనిషి లెక్క వేరు. ‘నంబర్ ఇస్తే రేపటి నుంచి ఆఫర్ ఫోన్లే’ అనుకుంటాడు. అమెరికాలో జారెడ్ స్పూల్ అనే యూజబిలిటీ (సైట్లు వాడటం ఎంత తేలికో చూసే రంగం) నిపుణుడు 2009లో బయటపెట్టిన ఉదాహరణ ఒకటి మా రంగంలో అందరికీ తెలుసు. ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో డబ్బు కట్టే ముందు ‘రిజిస్టర్’ అనే బటన్ వచ్చేది. దాన్ని తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టారు, కొనడానికి అకౌంట్ అక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొనుగోలు పూర్తి చేసినవాళ్ళు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాదిలోనే 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయని ఆయన చెప్పాడు. మీకు అంత పెరుగుతుందని నేను చెప్పను. కానీ వస్తువు మారలేదు, ధర మారలేదు, ఒక్క అడ్డం తీశారు, అంతే. అంతా రేటు మీదే ఉంటుందా అన్న మీ ప్రశ్నకి ఇదే జవాబు.

ఇంకొకటి, టెస్టు 350 అని చూపించి చివరి పేజీలో ఇంటికొచ్చే ఛార్జీ 100 కలిపితే, ఆ మనిషి వంద రూపాయల దగ్గర ఆగిపోతున్నాడని మీరనుకుంటారు. ఆగేది వంద దగ్గర కాదు, ‘ఇంకా ఏమేం కలుపుతారో’ అన్న అనుమానం దగ్గర. కొనడం మధ్యలో ఎందుకు వదిలేశారని అడిగిన సర్వేల్లో, చివర్లో వచ్చి చేరే అదనపు ఛార్జీలే మొదటి కారణంగా మళ్ళీ మళ్ళీ తేలుతున్నాయి. మొదటి పేజీలోనే ‘ఇంటికొచ్చి తీసుకోవడంతో కలిపి 450’ అని రాయండి. పక్క ల్యాబ్ కన్నా ఎక్కువ కనబడుతుందన్న భయం ఉంటుంది, నాకు తెలుసు. అయినా రాయండి.

ఇప్పుడు నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. ఒక ల్యాబ్ కోసం పనిచేస్తూ, కొంతమంది ఇళ్ళకి వెళ్ళి వాళ్ళు బుక్ చేస్తుంటే పక్కన కూర్చున్నాం. వనస్థలిపురంలో ఒక ఇల్లు. డైనింగ్ టేబుల్ దగ్గర కొడుకు, నలభై దాటినాయన. పక్క గదిలో మంచం మీద తండ్రి, డెబ్బై నాలుగేళ్ళు. డాక్టర్ కిడ్నీ టెస్టు రాశాడు. కొడుకు ఫోన్‌లో ఫామ్ తెరిచాడు. మొదటి గడి ‘పేరు’. బొటనవేలు గాల్లోనే ఆగింది. నావైపు చూసి ‘ఎవరి పేరండీ?’ అన్నాడు. సైట్‌ని ఇలా పరీక్షిస్తున్నప్పుడు మేం జవాబు చెప్పకూడదు, అది మా నియమం. ‘మీకు ఎలా అనిపిస్తే అలా చేయండి’ అన్నాను. తన పేరే కొట్టాడు. సహజమే కదా, ఫోన్ తనది, నంబర్ తనది, డబ్బు కట్టేది తను. తర్వాత గడి ‘వయసు’. అలవాటులో 41 కొట్టేశాడు. నిమిషంలో బుకింగ్ అయిపోయింది. పచ్చ టిక్కు చూసి సంతోషించాడు.

కిడ్నీ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె ఉంటుంది, మీకు నాకన్నా బాగా తెలుసు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం ఎంతుందో చూసి, వయసునీ ఆడా మగా అన్నదాన్నీ లెక్కలో వేసి దాన్ని తీస్తారు. అదే క్రియాటినిన్‌కి 74 బదులు 41 వేస్తే కిడ్నీ ఉన్నదానికన్నా మెరుగ్గా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఒక ఫామ్‌లో రెండక్షరాల లేబుల్ అంత పని చేస్తుంది. ఆ రోజు తిరిగొస్తుంటే నాకు మనసంతా అదే. వెబ్‌సైట్ లెక్కల్లో ఆ బుకింగ్ విజయం కింద పడుతుంది. పక్కన కూర్చోకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చేసిన మార్పు చాలా చిన్నది. ఫామ్ మొదట్లోనే ‘టెస్టు ఎవరికి?’ అని అడిగి, ‘నాకు’, ‘మా ఇంట్లోవాళ్ళకి’ అని రెండు పెద్ద బటన్లు పెట్టాం. రెండోది నొక్కితే గడుల మీద ‘పేషెంట్ పేరు’, ‘పేషెంట్ వయసు’ అని వస్తుంది. మీ ఫామ్ ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి. ఉత్త ‘పేరు’ అని ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అది మార్పించండి.

ఫామ్ దగ్గరున్నాం కాబట్టి మరికొన్ని. పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టకండి. ఈ నెల చూపించే క్యాలెండర్‌లో 1951 దాకా వెనక్కి జరగాలంటే ఎవరికైనా విసుగే. వయసు అడిగితే సరిపోతుంది. మొబైల్ నంబర్ గడి మీద వేలు పెట్టగానే అంకెల కీబోర్డు రావాలి, డెవలపర్‌కి అది ఒక్క లైను పని. కీబోర్డు పైకొచ్చినప్పుడు ‘బుక్ చేయండి’ బటన్ దాని వెనక దాక్కోకూడదు. ఖరీదైన పెద్ద ఫోన్‌లో మీకు ఈ తేడా కనబడదు, మీ రిసెప్షన్ అమ్మాయి ఫోన్‌లో చూడండి. బటన్ వేలికి అందేంత ఉండాలి. ఐఫోన్‌కి కనీసం 44 పాయింట్లు, ఆండ్రాయిడ్‌కి 48 డీపీ (రెండూ స్క్రీన్ కొలతలే) అని ఆ కంపెనీలే చెప్తాయి, అంటే సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్లు అనుకోండి. చేయి వణికే పెద్దవాళ్ళకి ఇంకొంచెం పెద్దదిగా ఉంటే మంచిది.

అడ్రసు. ‘స్ట్రీట్ 1’, ‘స్ట్రీట్ 2’ అని తయారుగా దొరికే ఫామ్‌లో పెట్టినవి మన ఊరికి పనికిరావు. హైదరాబాద్‌లో అడ్రసు చెప్పే పద్ధతే వేరు. అత్తాపూర్ వైపు వాళ్ళయితే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెప్తారు, ఇంకొకరు గుడి వెనక సందు, కిరాణా కొట్టు పైన రెండో ఫ్లోర్ అంటారు. పిన్‌కోడ్ తప్పనిసరి చేస్తే గుర్తులేక కరెంటు బిల్లు కోసం లేస్తారు, లేచినవాళ్ళలో కొందరు మళ్ళీ ఫోన్ దగ్గరికి రారు. కాలనీ పేరు కొడుతుంటే కింద జాబితా రావాలి, ‘గుర్తు’ కోసం పెద్ద గడి ఒకటి ఉండాలి. ఆ కాలనీకి మీరు వెళ్ళరనుకోండి, ఆ మాట అక్కడే చెప్పేయండి, పది గడులు నింపించాక కాదు.

ఇక డిజైన్ బలం ఎంతుంటుందో చూడాలంటే ముందే ఎంచి పెట్టిన ఎంపికల దగ్గర చూడాలి. జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో అవయవదానం మీద రాసింది బాగా తెలిసిన విషయం. జర్మనీలో దాతలుగా ఒప్పుకున్నట్టు లెక్కకొచ్చినవాళ్ళు సుమారు 12 శాతం. పక్కనే ఉన్న, అదే భాష మాట్లాడే ఆస్ట్రియాలో 99 శాతం పైన. మనుషుల్లో తేడా కాదు. జర్మనీలో ఇష్టమైతే చెప్పాలి, ఆస్ట్రియాలో ఇష్టం లేకపోతే చెప్పాలి. ఏమీ చేయనివాళ్ళు ఎటు పడతారన్నది ఫామ్ తేల్చేసింది. అయితే ఇవి ఒప్పుకోలు లెక్కలే, నిజంగా జరిగిన ఆపరేషన్లు వీటితో సమానంగా పెరగవు. ఎవరైనా ఈ ఉదాహరణ చెప్పి గొప్పలు పోతే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఈ బలాన్ని నేను తప్పుగా వాడాను. మొదట్లో పనిచేసిన ఒక కంపెనీలో బస్సు టికెట్లు బుక్ చేసే స్క్రీన్ నా చేతిలో ఉండేది. ప్రయాణ బీమా పక్కన టిక్కు ముందే పెట్టి ఉంచమన్నారు, పెట్టాను. బీమా అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి, మీటింగులో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. కొన్ని వారాల తర్వాత కస్టమర్ కేర్ కాల్స్ వినే పని పడింది. ఒక పెద్దాయన, గొంతులో కోపం కూడా లేదు, ‘నేనేం నొక్కలేదు బాబూ, డబ్బులు ఎందుకు ఎక్కువ పోయాయో చెప్పు’ అని మూడు నాలుగు సార్లు అడిగాడు. అవతల ఉన్న అబ్బాయి దగ్గర జవాబు లేదు. అది నేను రాయని జవాబు. ఆ టిక్కు తీయించడానికి నాకు ఇంకో ఏడు నెలలు పట్టింది, ఎందుకంటే అప్పటికి కంపెనీ ఆ డబ్బుకి అలవాటు పడింది. ఇలాంటివి వద్దని మీకు గట్టిగా చెప్పేది అందుకే, ఒకసారి పెడితే తీయడం కష్టం.

మీ డెవలపర్ చెప్పిన టైమర్ కూడా ఆ కోవలోదే. స్లాట్లు నిజంగా రెండే ఉంటే రాయండి, అది సమాచారం. లేనప్పుడు రాస్తే అబద్ధం. మన దేశంలో అది నిబంధనలకు విరుద్ధం కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మోసపూరిత డిజైన్ల మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో 13 రకాలు పేర్కొన్నారు. లేని తొందర సృష్టించడం, అడగకుండా బిల్లులో ఏదో చేర్చడం, ధరను ముక్కలుగా విడగొట్టి చివర్లో చూపడం, ‘వద్దు, నాకు ఆరోగ్యం అక్కర్లేదు’ లాంటి బటన్లతో సిగ్గుపడేలా చేయడం అన్నీ ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ఇవన్నీ పక్కనపెట్టినా, మీ దగ్గరికి వచ్చేవాళ్ళు అసలే టెన్షన్‌లో ఉంటారు. రిపోర్టులో ఏమొస్తుందోనని భయపడుతున్న మనిషి ముందు ఎర్ర అంకెలు పరిగెత్తించడం నాకు సమ్మతం కాదు.

అదే బలాన్ని మంచికి ఎలా వాడొచ్చో చెప్తాను. ఫాస్టింగ్ టెస్టు ఎంచుకున్నవాళ్ళకి పొద్దున 6 నుంచి 9 లోపు స్లాట్లే ముందు చూపించండి. పదకొండింటి స్లాట్ ముందు పెడితే కొందరు అదే నొక్కుతారు, షుగర్ ఉన్న పెద్దావిడ అప్పటిదాకా ఖాళీ కడుపుతో కూర్చుంటుంది. చాలామంది ఆలోచించి ఎంచుకోరు, ముందు కనబడింది ఎంచుకుంటారు. ఆ ముందు కనబడేది పేషెంట్‌కి మేలు చేసేదిగా ఉంచడం మీ చేతిలో పని. వాట్సాప్‌లో ఆఫర్లు పంపడానికి ఒప్పుకునే టిక్కు మాత్రం ఖాళీగానే ఉంచండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా సమ్మతి అంటే మనిషి తానుగా ఇచ్చింది.

హెల్త్ ప్యాకేజీలు ఎన్ని ఉండాలని మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు మీకు జామ్ సీసాల కథ చెప్తారు. 2000లో వచ్చిన పరిశోధన అది: ఇరవై నాలుగు రకాల జామ్ పెడితే ఆగి చూసినవాళ్ళలో 3 శాతం కొన్నారు, ఆరు పెడితే 30 శాతం కొన్నారు. తర్వాత 2010లో ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కాబట్టి ప్యాకేజీల సంఖ్య తగ్గించడం మంత్రం కాదు. ‘సిల్వర్’, ‘గోల్డ్’, ‘ప్లాటినం’ అని పేర్లు పెట్టి, ఒకదానిలో 58 పరీక్షలు ఇంకోదానిలో 72 అని రాస్తే ఆ పద్నాలుగు తేడా ఏంటో ఎవరికీ తెలియదు, అక్కడ ఆగిపోతారు. ‘షుగర్ ఉన్నవాళ్ళకి’, ‘అరవై దాటినవాళ్ళకి’ అని పేరు పెడితే ఎనిమిది ఉన్నా ఇబ్బంది లేదు.

పేర్ల సంగతి వచ్చింది కనుక, సెర్చ్ పెట్టెలో జనం ఏం కొడుతున్నారో డెవలపర్‌ని అడిగి చూడండి. డాక్టర్ హెచ్‌బీఏ1సీ అని రాస్తాడు, ఇంట్లో దాన్ని ‘మూడు నెలల షుగర్’ అంటారు. లిపిడ్ ప్రొఫైల్ అనరు, కొలెస్ట్రాల్ టెస్టు అంటారు. వాళ్ళ మాట కొట్టినా మీ టెస్టు రావాలి. సైట్ తెలుగులో కూడా పెడితే మంచిది, కానీ ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోసేస్తే కుదరదు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి వెళ్తాయి. ఇంగ్లిష్‌కి సరిపోయిన వరుసల ఎడంలో ‘రక్తపరీక్ష’ అన్న మాటలో వత్తు తెగిపోతుంది, లేదా కింది వరుస మీద ఎక్కుతుంది. తెగిన అక్షరాలు చూసిన మనిషికి ల్యాబ్ మీదే నమ్మకం తగ్గుతుంది. నేను అక్షరం ఎత్తుకి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే ఇంకొంచెం ఎక్కువ ఎడం పెడతాను. బటన్ మీద ‘సమర్పించు’ అని రాయొద్దు. ఎవరూ అలా మాట్లాడరు. ‘బుక్ చేయండి’ చాలు.

రంగుల గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఆకుపచ్చ బటనా ఆరెంజా అని వారాలు వాదించుకునే టీములని చూశాను. అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అది చూసుకోండి. లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు మధ్యాహ్నం ఎండలో బస్టాప్‌లో ఎవరూ చదవలేరు. పేజీ వేగం మాత్రం పట్టించుకోవాలి. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలమానం. మొదటి పేజీలో తిరిగే పెద్ద ఫోటోలు తీసేస్తే మీకు సగం సమస్య అక్కడే పోవచ్చు.

రెండు డిజైన్లు పెట్టి ఏది గెలుస్తుందో చూసే ఏ/బీ టెస్టు చేద్దామని కూడా ఎవరో అంటారు. రోజుకి వంద రెండొందల మంది వచ్చే సైట్‌లో చిన్న మార్పు ఫలితం తేలాలంటే నెలలు పడుతుంది, ఈలోపు వచ్చే హెచ్చుతగ్గులు చూసి మోసపోతారు. దానికి బదులు ఐదుగురిని కూర్చోబెట్టండి. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు, ఐదుగురితో చాలావరకు లోపాలు బయటపడతాయని. నా అనుభవంలో మూడో మనిషి దగ్గరే తల పట్టుకుంటాం. మీ స్టాఫ్ వద్దు, వాళ్ళకి సైట్ తెలుసు. మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్ళని, మీ దగ్గరికి శాంపిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళని అడగండి. వాళ్ళ సొంత ఫోన్‌లోనే చేయమనండి. ‘మీ నాన్నగారికి షుగర్ టెస్టు బుక్ చేయండి’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. సాయం చేయాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ కిందికీ పైకీ జరిపారో రాసుకోండి.

చివరగా ఫోన్ నంబర్. బుకింగులు పెరగాలని కొంతమంది నంబర్ దాచేస్తారు, మీరు ఆ పని చేయకండి. ప్రతి పేజీలో పైన, నొక్కితే కాల్ వెళ్ళేలా ఉంచండి. పైన చెప్పినవన్నీ చేసినా కొందరు ఫోన్ చేస్తూనే ఉంటారు. రక్తం తీయడానికి వచ్చే అబ్బాయి మెల్లగా తీస్తాడా, అమ్మకి నరం దొరకదు, పోయినసారి చాలా నొప్పి పెట్టారు అని చెప్పుకోవాలనుకునేవాళ్ళు ఉంటారు. ఆ మాట వినడానికి రిసెప్షన్ అమ్మాయికి ఇప్పుడు తీరిక ఉండటం లేదు, రేట్లు చెప్పడంలోనే పొద్దు గడిచిపోతోంది. ఆ నోట్‌బుక్ రెండు వారాల తర్వాత ఫోటో తీసి పెట్టండి, పేషెంట్ల పేర్లు, నంబర్లు కనబడకుండా చూసుకోండి. ఏ జవాబు ఏ పేజీలో ఎక్కడ పెట్టాలో అప్పుడు కూర్చుని చెప్తాను.